మూలపాఠమును దాచిన పెట్టె



ఈనాడు మన పల్లెలలో ననేక గృహములందు గోడకు వ్రేలాడుచు, చిన్న దీపములు మినుకుమినుకుమను పెట్టె యొకటి కానవచ్చుచున్నది. ఇంటర్నెట్టును తీగనుండి గైకొని యింటిలో గాలిద్వారా పంచిపెట్టు నా యంత్రమునకు రౌటరని పేరు. అట్టి యొక పెట్టెను గూర్చి అమెరికా దేశమున జరిగిన వివాదమును మీకు విన్నవింపదలచితిని. కొన్న వస్తువుపై కొన్నవానికి గల హక్కెంత యను ప్రశ్న యందు గలదు.

యంత్రమును నడపు ఆజ్ఞల సముదాయమును సాఫ్టువేరందురు. దానికి రూపములు రెండు. మనుజుడు చదివి దిద్దుకొనగల మూలపాఠ మొకటి; దీనినే సోర్సు కోడందురు. యంత్రము మాత్రమే గ్రహించు అంకెల రూపము రెండవది. రెండవదాని నిచ్చి మొదటిదానిని దాచుట, కషాయము పోసి మూలికల పేరు చెప్పని వైద్యుని చందము. అట్టివారు గతించినపుడు వారి విద్యయు వారితోనే కాటికి బోవుట మీలో పలువురు చూచియే యుందురు.

సుమారు 1980లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున నున్న రిచర్డు స్టాల్మను అను నతడు, జిరాక్సు కంపెనీవారి ముద్రణయంత్రమున కాగితము చిక్కుకొనినపుడెల్ల ఆ సంగతి అందరికి తెలియునట్లు చేయనెంచెను. అందులకు మూలపాఠము కావలసివచ్చెను. అడిగినను లభింపలేదు. అతడు 1983లో స్వేచ్ఛగా వాడుకొనదగిన సాఫ్టువేరును నిర్మింప బూనుకొని, 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సును ప్రకటించెను. ఈ పాఠమును ఎవ్వరైనను వాడుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. కాని యంత్రరూపమును పరుల కిచ్చువాడు మూలపాఠమును గూడ వారికి అందజేయవలెను. సత్రమున భుజించినవాడు సత్రమునకు తాళము వేయరాదన్నమాట. ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనసు టోర్వాల్డ్సు 1991లో మొదలిడిన లినక్సు, మరుసటి యేట ఈ లైసెన్సు క్రిందికే వచ్చెను.

ఇక మన పెట్టె. 2002 సంవత్సరాంతమున కాలిఫోర్నియాలోని లింక్సిస్ కంపెనీ డబ్ల్యు.ఆర్.టి. 54జి. అను రౌటరును అమ్మకమునకు బెట్టెను. 2003లో సిస్కో కంపెనీ లింక్సిసును కొనెను. ఆ యేడే కొందరు పెట్టెను శోధించి, లోపలనున్నది లినక్సేయని కనిపెట్టి, మూలపాఠమేదని నిలదీసిరి. కంపెనీవారు తుదకు ఇచ్చిరి. దాని నాధారము చేసికొని 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను క్రొత్త సాఫ్టువేరు పుట్టెను.

అయినను ఇచ్చినది సంపూర్ణము కాదు. గాలిలో సంకేతములను పంపు చిప్పు బ్రాడ్‌కామ్ కంపెనీది. చిప్పును నడపు భాగమునకు డ్రైవరని పేరు, రథమునకు సారథివంటిది. ఆ డ్రైవరు అంకెల రూపముననే వచ్చెను. అది పాత లినక్సు 2.4తో మాత్రమే పొసగునది. కావున నీ యొక్క సారథి కొరకై రథమంతయు పాతబాటనే నిలువవలసివచ్చెను. ఇట్టి డ్రైవరు లినక్సులో భాగమా, వేరు వస్తువా యనుటపై వాదము గలదు. తమది లినక్సునుండి పుట్టినది కాదని కంపెనీలవారందురు. దానిని ఆశ్రయించియే బ్రతుకునది వేరెట్లగునని తక్కినవారందురు. నాకు రెండవ పక్షమే న్యాయముగ దోచుచున్నది. లినక్సు సైతము అట్టి డ్రైవరు తనలో జేరగనే తనకు మైల సోకినట్లు గుర్తు వేసికొనును!

దీనికి కొందరు చేసిన యుపాయము వినదగినది. వారు రెండు బృందములైరి. మొదటి బృందము దాచిన డ్రైవరు అంకెలను శోధించి, చిప్పునకు ఏ యాజ్ఞ ఏ క్రమమున బోవుచున్నదో వివరించి వ్రాసెను. రెండవ బృందము ఆ యంకెల ముఖమైన జూడక, వివరణమునుబట్టియే క్రొత్త డ్రైవరును రచించెను. చూచినవాడు వ్రాయలేదు, వ్రాసినవాడు చూడలేదు, చౌర్యదోషమునకు తావెక్కడిది? ఆ డ్రైవరు 2006లో లినక్సున చేరెను.

ఈలోగా 2005లో లింక్సిస్ తన రౌటరు ఐదవ రూపమునుండి లినక్సును తొలగించి, మెమొరీని సగమునకు తగ్గించెను. లినక్సు కోరువారికై 54జి.ఎల్. అని వేరు పెట్టెను అమ్మెను. వ్యాపారికి రెండు త్రాసులు!

2008 డిసెంబరులో, స్టాల్మను స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషను, లింక్సిస్ పేర అమ్ముడైన పలు పరికరముల విషయమై సిస్కోపై దావా వేసెను. 2009 మే నెలలో రాజీ కుదిరెను. లైసెన్సు షరతుల పాలనము చూచుటకే యొక యధికారిని నియమింప సిస్కో యంగీకరించెను. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ సైతము తన క్రొత్త చిప్పులు కొన్నిటికి డ్రైవరు మూలపాఠమును తానే వెల్లడించెను. 54జి. పెట్టెలోని పాత చిప్పునకు మాత్రము ఆ ప్రకటన వర్తింపలేదు.