జీర్ణవాహన దానచరిత్రము

మన ధర్మశాస్త్రకారులు దానవిషయమును మిక్కిలి విస్తరముగా విచారించిరి. ఏ వస్తువు నీయవలయును, ఎట్టివాని కీయవలయును, ఏ కాలమున నీయవలయును అను ప్రశ్నలకు సమాధానముగా పెద్ద గ్రంథములే వెలసినవి. 12వ శతాబ్దమున వంగదేశాధీశుడైన బల్లాలసేనుడు దానసాగరమును, 13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజుల మంత్రియైన హేమాద్రి చతుర్వర్గచింతామణియందలి దానఖండమును రచించిరి. ఆ గ్రంథములలో గోదానము, భూదానము, అన్నదానము మున్నగునవి కలవు గాని మోటారుబండి దానము లేదు. ఉండుటకు వీలును లేదు. నేడన్ననో, మన సంఘమునందును ఇతర సంఘములందును ఐశ్వర్యవంతులు క్రొత్తబండిని గొని, తాము పూర్వము వాడిన వెలగల బండిని వసతిగృహమునకో, పాఠశాలకో, ఆలయమునకో యిచ్చుట కానవచ్చుచున్నది. ఈ దానము క్రొత్తదైనను దీని ధర్మము ప్రాతదే యని చరిత్రాధారములతో మనవిచేయ బూనితిమి.

వాహనము దేయవస్తు వగుట మనకు నూతనము గాదు. మత్స్యపురాణమున జెప్పబడిన షోడశ మహాదానములలో హిరణ్యాశ్వరథము, హేమహస్తిరథము అను రెండు రథదానములు గలవు. ఇవి బాటను నడుచు రథములు గావు. బంగారముతో జేయించి యిచ్చునవి. ఆ పదునాఱింటిలో మొదటిది తులాపురుషము. దాత తన బరువునకు సరితూగు బంగారము నీయవలయును. 1515వ సంవత్సరమున కొండవీటి విజయానంతరము శ్రీకృష్ణదేవరాయలు అమరావతియందు ఈ దానము గావించెను. ఇందలి విధులలో నొకటి గమనింపదగినది. తూచిన బంగారమును దాత తన యింట చిరకాల ముంచుకొనరాదు. వేగముగా పాత్రులకు బంచియీయవలయును. త్రాసు నెక్కుట యుత్సవము మాత్రమే. బంగారము గ్రహీత చేతికి జేరినప్పుడుగాని దానము పూర్తికాదని మాకు దోచు నర్థము.

ఇక జీర్ణవస్తుదానమును గూర్చి కఠోపనిషత్తును మించిన ప్రమాణము వేఱొకటి లేదు. వాజశ్రవసుడు తన సర్వస్వమును దక్షిణగా నిచ్చు యాగము నొకదానిని జేసెను. దక్షిణకై తోలుకొనిపోవుచున్న గోవులను ఆయన కుమారుడు నచికేతుడు చూచెను. అవి వట్టిపోయిన ముసలియావులు. ఇక పాలిచ్చునవియు గావు, ఈనునవియు గావు. లెక్కకు గోవులు సరిపోవును. పుచ్చుకొన్నవానికి మాత్రము గడ్డి ఖర్చే మిగులును. బాలుడు మనసు నొచ్చి, తన్నెవరి కిచ్చెదవని తండ్రిని ముమ్మాఱడిగెను. తండ్రి కోపించి మృత్యువున కిచ్చితిననెను. ఆ పిమ్మట యముడు చెప్పిన బ్రహ్మవిద్యనే మన మందఱము తలచుకొందుము గాని, ఆ కథకు మూలము పనికిరాని దానమును ఒక పిల్లవాడు కనిపెట్టుటయే యని మఱచుచుందుము.

మోటారుబండి లోకమునకు వచ్చిన పిదప ఈ ప్రశ్నయే వేఱురూపమున వచ్చినది. దానికి మిక్కిలి యుదాత్తమైన సమాధానము ఫ్రాన్సు దేశమున లభించినది. 1914 ఆగస్టునందు మహాయుద్ధ మారంభమయ్యెను. గాయపడిన సైనికుల దేహములలో గుండ్లెక్కడ నున్నవో, ఎముకలెక్కడ విఱిగినవో యెఱుగుటకు ఎక్స్‌రే కిరణములు సాధనము. ఆ యంత్రములు పెద్ద పట్టణముల యాసుపత్రులలోనే యుండెను. యుద్ధభూమికి జేరువను దాదాపుగా లేవు. 1903లోను 1911లోను నోబెల్ బహుమానము నందిన మేరీ క్యూరీ, ఆ యంత్రమును మోటారుబండిలో నమర్చి, బండి యింజనుచేతనే డైనమోను త్రిప్పి విద్యుత్తు పుట్టింప వచ్చునని యోచించెను. మొదటి బండికి ఫ్రెంచి స్త్రీల సంఘ మొకటి ధనమిచ్చెను. తక్కినవానికై ఆమె ధనవంతుల యిండ్లకు బోయి వారి బండ్లను యాచించెను. గొప్పయింటి స్త్రీలు తమ విలాసవాహనముల నిచ్చిరనియు, యుద్ధానంతరము పనికివచ్చు స్థితిలో నుండినచో మరల నిచ్చెదనని ఆమె చెప్పెననియు, ఆమె కుమార్తె ఈవ్ వ్రాసిన జీవితచరిత్రమువలన దెలియుచున్నది.

ఇట్లు సుమారు 20 బండ్లు సిద్ధమైనవి. ఇవిగాక దాదాపు 200 స్థిరమైన ఎక్స్‌రే గదులు నేర్పడినవి. ఆమె స్వయముగా బండి నడుపుట నేర్చెను. యుద్ధారంభమున పదునాఱేండ్ల వయసుగల పెద్దకుమార్తె ఐరీను ఆమెకు దోడయ్యెను. సుమారు 150 మంది స్త్రీలకు యంత్రము నడుపుట నేర్పిరి. సైనికు లా బండ్లకు ‘చిన్న క్యూరీలు’ అని పేరుపెట్టిరి. ఈ బండ్లయందును గదులయందును పరీక్షింపబడినవారు పదిలక్షలకు మించిరని చరిత్రకారులు చెప్పుదురు. పట్టుదిండ్లపై నాసీనులై విహరించిన బండ్లే ప్రాణదానమునకు సాధనములైనవి. ఇందలి రహస్యమేమి? అవి దాత తనకు వలదని వదలినవి గావు. గ్రహీత తనకు వలయునని యడిగి తీసికొన్నవి. బండితోపాటు దానిని నడుపు నేర్పును, దాని కొక పనియు సిద్ధముగా నుండెను.

గ్రహీతకు బండితో పనిలేనప్పుడు ఏమి చేయవలయును? దీనికి మన దేశమునందే నిదర్శనము గలదు. 1964 డిసెంబరున రోమను కాథలికుల మతాధిపతియైన ఆఱవ పాలు బొంబాయికి వచ్చెను. తాను వాడిన తెల్లని లింకన్ కాంటినెంటల్ బండిని తిరిగిపోవునప్పుడు కలకత్తాలోని మదర్ థెరిసాకు ఇచ్చెను. ఆమె దాని నెక్కి తిరుగలేదు. లాటరీ వేయించి, వచ్చిన ధనమును కుష్ఠరోగుల నివాసమైన శాంతినగరమునకు వినియోగించెను. దాతను గౌరవించుటకై బండిని గుమ్మమున నిలిపియుంచినచో ఆ రోగులకు మిగులునది యేమి?

ఈ దానమునకు లెక్క కుదిరించుటకై చట్టమునే మార్చిన దేశము అమెరికా. తెలుగువా రనేకులు అచ్చట స్థిరపడియుండుటచే ఈ చరిత్రము మనకు పరాయిది గాదు. ఆ దేశమున ప్రాతబండిని ధర్మసంస్థ కిచ్చినవారు దాని విలువను ఆదాయమునుండి తగ్గించి చూపి, పన్నులో లాభము పొందవచ్చును. 2000వ సంవత్సరపు లెక్కలలో 7 లక్షల 33 వేలమంది యిట్లు చూపగా, వారి పన్ను 65 కోట్ల 40 లక్షల డాలర్లు తగ్గెనని ఆ దేశపు శాసనసభకు లెక్కలు తనిఖీచేయు కార్యాలయము 2003లో నివేదించెను. పరీక్షించిన 54 బండ్లలో మూడింట రెండువంతుల విషయమున, దాత చూపిన విలువలో నూటికి 5 వంతులో, అంతకు దక్కువయో ధర్మసంస్థకు జేరినది. తక్కినది వేలమునందలి తక్కువధరలోను, ప్రకటనల ఖర్చులోను, మధ్యవర్తుల ప్రతిఫలములోను కరగిపోయెను. కాగితముమీద గోవు పాలిచ్చుచుండెను. దొడ్డిలో మాత్రము వట్టిపోయియుండెను.

2004లో చేసిన చట్టము 2005 జనవరినుండి యమలునకు వచ్చెను. 500 డాలర్లకు మించిన విలువ చూపదలచిన దాత, ధర్మసంస్థ ఆ బండిని వాస్తవముగా నెంతకు విక్రయించెనో అంతయే చూపవలయును. సంస్థ బండిని తన కార్యమునందు చెప్పుకోదగినంత వాడినను, ముఖ్యమైన మరమ్మతుచేసి విలువ పెంచినను, బీదలకు చౌకగానో ఉచితముగానో యిచ్చినను మినహాయింపు గలదు. ఈ నిబంధన వచ్చినంతనే, అంతకు ముందటియేట సుమారు 9 లక్షలుగా నుండిన యిట్టి దాతలు సుమారు 3 లక్షలకు దిగిరి. ప్రతిఫలము నుద్దేశించి యిచ్చునది రాజసదానమని గీతాశాస్త్రము. ఆ తగ్గిన ఆఱులక్షల సంఖ్యను జూచి దానికి వ్యాఖ్యానము వ్రాసికొనవచ్చును.

పరదేశముల మాట యటుండనిండు. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాల వసతిగృహమునకు ఒక దాత తన పెద్దకారును సమర్పించెను. సభ జరిగెను, పూలమాలలు పడెను, ఛాయాచిత్రము తీయబడెను. బండికి పెట్రోలు పోయుటకును, టైర్లు మార్చుటకును, బీమా కట్టుటకును ఎవరును పైక మీయలేదు. ఏడాది తిరుగకముందే అది వేపచెట్టు క్రింద జేరెను. ఒకనాటిరాత్రి ఒక విద్యార్థికి తీవ్రజ్వరము వచ్చి ఒడలు తెలియకుండగా, ఆ కారు ప్రక్కనుండియే అద్దె ఆటోలో వానిని ఆసుపత్రికి గొనిపోతిమి. దైవానుగ్రహమున వాడు కోలుకొనెను. కారు కడపట పాతయినుము ధరకు పోయెను. తప్పు దాతది మాత్రమే కాదు. పనికిరాదని యెఱిగియు, నొచ్చుకొనునని సంకోచించి పుచ్చుకొన్న మాదియు.

కావున మా విన్నపములు మూడు. బండి నీయదలచిన పోషకులు ముందుగా గ్రహీతను అడుగవలయును. ఇచ్చినచో ఒక యేటి పోషణకైనను ధనము చేర్చి, రిజిస్ట్రేషను పత్రములను గ్రహీతపేర మార్పించి యీయవలయును. లేనియెడల ముందుముందు కలుగు చిక్కులు ఇరువురవియు నగును. పోషింపజాలని సంస్థయైనచో, దాతయే బండిని మంచిధరకు విక్రయించి ఆ ధనమును సమర్పించుట శ్రేష్ఠము. మన దేశపు ఆదాయపు పన్ను చట్టముకూడ ధర్మసంస్థల కిచ్చు విరాళములలో ధనరూపమైనదానికే మినహాయింపు నిచ్చుచున్నది గాని వస్తుదానమునకు గాదు. సంఘ కార్యనిర్వాహకులును వలదని చెప్పవలసినచోట వినయముతో వలదని చెప్పుట నేర్వవలయును.

నచికేతుడు తండ్రిని అవమానింప దలపలేదు. తండ్రి దానము నిష్ఫలము గాకుండవలయుననియే యడిగెను. మా మాటలనుగూడ పోషకమహాశయు లట్లే భావింతురుగాక. మన వసతిగృహముల పిల్లలు అన్నివిధముల వృద్ధి పొందుదురుగాక.

స్వస్తి.