కత్తెర అడిగితే కాఫీ మేకరా?

డిసెంబరొస్తే మా ఇంట్లో ఒక ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. ఎడమవైపు పేర్లు, కుడివైపు వస్తువులు, చివర్న సూట్‌కేసు బరువు. ఇండియా ప్రయాణం పెట్టుకున్న వాళ్ళందరికీ తెలిసిన బాధే. ఈసారి అది నింపుతూ, అసలు 'పండక్కి ఎవరికేం కొనాలి' అని చెప్పే పుస్తకాలు అమెరికాలో ఎలా మొదలయ్యాయా అని తవ్వడం మొదలెట్టా. షీటు సగంలోనే ఆగింది గానీ, దొరికిన సంగతులు బాగున్నాయి.

1872లో చికాగోలో ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆయన ఒకే ఒక్క కాగితం మీద వస్తువులూ ధరలూ అచ్చేసి రైతులకి పంపాడు. అప్పట్లో పల్లెటూళ్ళో ఉండేది ఒకటే కొట్టు, షావుకారు చెప్పిందే ధర. ఈయన 1875లో ఇంకో అడుగేసి, నచ్చకపోతే డబ్బు వాపసు అన్నాడు. తర్వాత సియర్స్ వాళ్ళొచ్చి వార్డ్‌ని మించిపోయారు. 1896లో పల్లెల్లో ఇంటికే ఉత్తరాల బట్వాడా, 1913 జనవరి 1న పార్సిల్ పోస్టు మొదలయ్యాక ఇక అడ్డేముంది?

నన్ను ఆలోచింపజేసిన సంగతి ఇంకోటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళు కొట్టుకెళితే తెల్లవాళ్ళందరి బేరం అయ్యేదాకా నిలబడాలి, అప్పు కోసం షావుకారు మాట పడాలి. కేటలాగు ఎదుట రంగు లేదు. అదే పేజీ, అదే ధర. బొమ్మల పుస్తకం అని మనం తీసిపారేసేది వాళ్ళకి కాస్త మర్యాద మిగిల్చిందన్నమాట.

1933లో, మహామాంద్యం నడుమ, సియర్స్ క్రిస్మస్‌కి ప్రత్యేకంగా ఓ కేటలాగు వేసింది. అందులో మిక్కీమౌస్ వాచీలు, ఎలక్ట్రిక్ రైళ్ళు, ఆఖరికి పాడే కెనరీ పిట్టలు (ప్రాణమున్నవే!) కూడా ఉన్నాయి. పిల్లలు కావలసిన వాటి చుట్టూ సున్నా చుట్టి అమ్మానాన్నల కంటపడేలా పెట్టేవారు. జనం దాన్ని 'విష్ బుక్' అని పిలుస్తుంటే, 1968లో కంపెనీ కూడా ఆ పేరే పెట్టేసుకుంది. 1975 క్రిస్మస్‌కి అటారీ వాళ్ళ పాంగ్ ఆట ఇళ్ళలోకి వచ్చింది కూడా సియర్స్ ద్వారానే.

ఇప్పుడు మన వృత్తికి సంబంధించిన ముచ్చట. డబ్బున్నవాళ్ళ కొట్టు నీమన్ మార్కస్ 1969లో తన క్రిస్మస్ పుస్తకంలో 'వంటింటి కంప్యూటర్' పెట్టింది. లోపల ఉన్నది హనీవెల్ 316, పదహారు బిట్ల మినీకంప్యూటర్. ధర 10,600 డాలర్లు! దాంతోపాటు ఓ ఏప్రన్, వంటల పుస్తకాలు, రెండు వారాల ప్రోగ్రామింగ్ శిక్షణ. కీబోర్డు లేదు, తెర లేదు. స్విచ్చులు పైకీ కిందకీ వేస్తే దీపాలు వెలుగుతాయి. ఆ దీపాల్ని బైనరీలో చదువుకుని ఇల్లాలు కూర వండాలట. ఒక్కటి అమ్ముడైనట్టు కూడా ఆధారం లేదు. ఏ వంటింటి మనిషినీ ఒక్క మాట అడిగినట్టు లేరు.

నవ్వాను గానీ, వెంటనే నా నిర్వాకం గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట అమ్మ ఫోన్లో, "బట్టలు కత్తిరించే మంచి కత్తెర ఉంటే తేరా, ఇక్కడివి నెలకే మొద్దుబారుతున్నాయి" అంది. అమెరికా నుంచి కత్తెరేంటి, నామోషీ కాదూ అనుకుని, మెరిసిపోయే కాఫీ మేకర్ మోసుకెళ్ళా. అది 110 వోల్టులది. ఇంజనీరు కొడుకు ఉత్సాహంగా తీసుకెళ్ళి 230లో పెట్టాడు. ఓ చప్పుడు, కాలిన వాసన. అమ్మ ఇత్తడి ఫిల్టర్‌లో డికాక్షన్ వేసి, గ్లాసు నా చేతికిస్తూ అడిగింది, "ఇంతకీ కత్తెర తెచ్చావా?"

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త దీన్ని లెక్కగట్టాడు. అభిమానం సంగతి పక్కనపెడితే, పుచ్చుకున్నవాళ్ళ దృష్టిలో బహుమతి విలువ పెట్టిన ఖర్చు కన్నా పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువట. తాతలు, అత్తలు, మామలు ఇచ్చినవాటిలో ఈ తేడా మరీ ఎక్కువ. ఆయన లెక్క మరీ ఎండుగా ఉందనిపిస్తుంది గానీ, కాలిన కాఫీ మేకర్ ముందు నాకు వాదించే నోరు లేదు.

సరిగ్గా ఆ 1993లోనే సియర్స్ పెద్ద కేటలాగు ఆగిపోయింది. 2018లో కంపెనీయే దివాలా తీసింది. ఆ ఏడాదే అమెజాన్ మాత్రం పిల్లల కోసం కాగితం మీద బొమ్మల కేటలాగు అచ్చేసి పోస్టులో పంపింది! నాకర్థమైనంతవరకూ కిటుకు ఆ సున్నాలోనే ఉంది. పుచ్చుకునేవాడి చేతికి పెన్ను ఇచ్చిన పుస్తకం బతికింది. ఇచ్చేవాడి గొప్ప కోసం వేసిన పేజీ నవ్వులపాలయింది.

అందుకే ఈ ఏడాది షీటులో కొత్త కాలమ్ ఒకటి పెట్టా: 'అడిగారా?' ఇంతవరకూ 'అవును' పడింది మూడింటికే. మిగతావాళ్ళకి ఈ ఆదివారం ఫోన్లు చెయ్యాలి.

కత్తెరంటారా? ఆ తర్వాతి ప్రయాణంలోనే పట్టుకెళ్ళా. ఇప్పటికీ ఎవర్నీ ముట్టుకోనివ్వదు, కాగితం కొయ్యడానికి అసలే ఇవ్వదు.