కాఫీ ఉందా, అయిపోయిందా?

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌క్యామ్ ఏ మహత్కార్యం కోసమూ పుట్టలేదు. మెట్లు దిగే శ్రమ తప్పించుకోవడానికి పుట్టింది. పదిహేను మంది కోసం పెట్టిన ఆ కెమెరాలోకి దాదాపు ఎనిమిదేళ్ళ పాటు ప్రపంచం తొంగిచూసింది. ఆ యథార్థ గాథ ఇది.

1991. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. విశ్వవిద్యాలయం వారి కంప్యూటర్ లేబొరేటరీ అప్పట్లో ఊరి నడిబొడ్డున, ఓ పాత భవనంలో ఉండేది. ఉదయం పూట పై అంతస్తులో ఒక పరిశోధకుడు కంప్యూటర్ ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. ప్రోగ్రాము ఎక్కడ తప్పుతోందో అంతుపట్టడం లేదు. గొంతులో కాస్త కాఫీ పడితే గానీ బుర్ర కదలదనుకుని కప్పు పట్టుకుని లేచాడు.

మెట్లు దిగాడు. వరండా వెంట నడిచాడు. ‘ట్రోజన్ రూమ్’ అని పిలుచుకునే గది దగ్గరికి వచ్చాడు. ఆ గది బయటే ఉంది కాఫీ మెషీన్. దాని మీద గాజు జగ్గు. జగ్గులో చుక్క లేదు. రాత్రంతా ట్రోజన్ రూములో కూర్చుని ప్రోగ్రాములు రాసిన మహానుభావులు తెల్లారేసరికి జగ్గు ఖాళీ చేసేశారు. వచ్చినవాడు ఉసూరుమంటూ వచ్చిన దారినే మెట్లెక్కాడు.

ఆ పరిశోధకుడి పేరు మనకు అక్కర్లేదు. ఆ రోజుల్లో ఆ భవనంలో కప్పు పట్టుకుని తిరిగిన వాళ్ళందరిదీ ఇదే బాధ. సుమారు పదిహేను మంది కలిసి పెట్టుకున్న కాఫీ ఏర్పాటు అది. మెషీన్ ఒక్కటే. తాగేవాళ్ళు మాత్రం భవనంలో తలో మూలా. ట్రోజన్ రూములో వాళ్ళకు చెయ్యి చాస్తే కాఫీ. మిగతావాళ్ళ పరిస్థితి కుళాయి వస్తోందో లేదో తెలియకుండా బిందె పట్టుకుని వీధి చివరిదాకా నడిచినట్టు ఉండేది.

ఒక్క రోజు పని

మరొకరైతే నోటీసు బోర్డు మీద కాగితం అంటించేవారు. లేదంటే ఇంకో మెషీన్ కొనేవారు. వీళ్ళు కంప్యూటర్లవాళ్ళు. చేతిలో ఏ పనిముట్టు ఉంటే బుద్ధి దానివైపే పోతుంది.

క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్‌కీ అనే ఇద్దరు పరిశోధకులు పనిలోకి దిగారు. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు బొమ్మలు, మాటలు వేగంగా పంపే నెట్‌వర్కుల మీద ఆ బృందం అప్పటికే పరిశోధనలు చేస్తోంది. కాబట్టి కెమెరాకూ తీగలకూ వెతుక్కోవలసిన పని లేకపోయింది. కెమిస్ట్రీ ల్యాబుల్లో గాజు గొట్టాలు బిగించే ఇనుప స్టాండు ఉంటుంది కదా, అలాంటి దానికి కెమెరా బిగించి సూటిగా కాఫీ జగ్గు వైపు తిప్పారు. కెమెరా తీగను నేల కిందుగా ట్రోజన్ రూములోకి లాగారు. అక్కడున్న ఏకార్న్ ఆర్కిమెడీస్ కంప్యూటర్‌లో వీడియో బొమ్మను పట్టి నిలిపే కార్డు ఒకటుంది. తీగను దానికి కలిపారు.

బొమ్మను పట్టుకుని అడిగినవారికి అందించే ప్రోగ్రాము జార్డెట్స్‌కీ రాశాడు. ఆ బొమ్మను తెచ్చి ఎవరి తెర మీద వాళ్ళకు చూపించే ప్రోగ్రాము స్టాఫర్డ్-ఫ్రేజర్ రాశాడు. దానికి పెట్టిన పేరు ‘ఎక్స్‌కాఫీ’. మొత్తం కలిపి సుమారు ఒక రోజు పని.

వచ్చిన బొమ్మ ఏపాటిదో చూడండి. అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 128 చుక్కలు. రంగుల్లేవు, బూడిద ఛాయలే. నిమిషానికి మూడుసార్లు మారుతుంది. ఈనాటి పిల్లలకు చూపిస్తే బొమ్మ పాడైందంటారు. కానీ ఆ పనికి అది చాలు. నల్లటి కాఫీకి రంగులెందుకు? జగ్గు నిండటానికి కూడా కొంత సేపు పడుతుంది కాబట్టి ఇరవై సెకన్లకో బొమ్మ వచ్చినా నష్టం లేదు. గాజు మీద నలుపు ఎక్కడిదాకా ఉందో కనబడితే చాలు. తెర మూలన ఆ చిన్న చదరాన్ని వదిలేసి పని చేసుకుంటూ ఉండవచ్చు. నలుపు పైకి లేచిందంటే కప్పు పట్టుకుని బయల్దేరవచ్చు.

దీంతో కష్టాలన్నీ తీరిపోయాయని కాదు. జగ్గు నిండినట్టు ఒకరికి కనబడితే అందరికీ కనబడుతుంది. పై అంతస్తువాడు దిగి వచ్చేలోగా కింది అంతస్తువాడు అందుకుంటాడు. అయినా ఖాళీ జగ్గు కోసం మెట్లు దిగే ఖర్మ మాత్రం తప్పింది.

నిజానికి కంప్యూటర్లవాళ్ళకు ఈ తిప్పలు అంతకు ముందే ఉన్నాయి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1982లోనే కోక్ మెషీన్‌ను కంప్యూటర్‌కు కలిపి, ఏ వరుసలో సీసాలున్నాయో, అవి చల్లబడ్డాయో లేదో కూర్చున్నచోటి నుంచే కనుక్కునేవారు. అక్కడ వచ్చేది అక్షరాల్లో జవాబు. కేంబ్రిడ్జిలో వచ్చింది బొమ్మ. తేడా అంతే, కానీ ఆ తేడాయే అసలు కథ నడిపించింది.

గోడ దాటిన జగ్గు

1992 జనవరిలో ఈథర్‌నెట్ రూపకర్తల్లో ఒకరైన బాబ్ మెట్‌కాఫ్ ఓ పత్రికలో ఈ కాఫీ కెమెరా గురించి రాశాడు. అప్పటికి అది చదివి నవ్వుకునే ముచ్చటే. ఎందుకంటే ఆ బొమ్మ లేబొరేటరీ గోడలు దాటి వెళ్ళే దారి లేదు. లోపల కూడా ఆ ప్రత్యేక నెట్‌వర్కుకు కలిపిన కంప్యూటర్లలో మాత్రమే కనబడేది.

మరుసటి ఏడాది రోజులు మారాయి. 1993 వసంతంలో వెబ్ బ్రౌజర్లకు పేజీ మధ్యలో బొమ్మలు చూపించే నేర్పు అబ్బింది. ఏప్రిల్ 30న స్విట్జర్లాండులోని సెర్న్ సంస్థ, వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. వెబ్‌లో పెట్టిన బొమ్మ అంటే అప్పట్లో గోడకు తగిలించిన పటమే. ఒకసారి పెడితే ఎవరు ఎప్పుడు చూసినా అదే బొమ్మ.

లేబొరేటరీలో పనిచేసే మార్టిన్ జాన్సన్ కంప్యూటర్‌కు ఆ లోపలి నెట్‌వర్కు లేదు. అందరి తెర మీదా ఉన్న జగ్గు ఆయన తెర మీద లేదు. ఆయనా, డాన్ గోర్డన్ అనే సహోద్యోగీ కలిసి ఆలోచించారు. బ్రౌజర్ బొమ్మ అడిగిన ప్రతిసారీ పాత బొమ్మే ఇవ్వాలని ఎవరన్నారు? అడిగిన క్షణానికి కెమెరాలో ఏముంటే అదే ఇస్తే పోలేదా? జాన్సన్ రాసిన ప్రోగ్రాము ఓ డజను వరుసలకు మించదు. తాజా బొమ్మను తీసి, అడిగినవారికి అందించడమే దాని పని. 1993 నవంబరు 22న కాఫీ జగ్గు వెబ్‌లోకి ఎక్కింది.

ఆ రోజు ఆ లేబొరేటరీలో ఎవరూ రిబ్బను కత్తిరించలేదు. కానీ వెబ్ ఉన్న ఏ దేశం నుంచైనా, కేంబ్రిడ్జిలో ఓ వరండాలో ఇప్పుడు ఏమవుతోందో చూడవచ్చు. ఏమీ అవడం లేదన్నది వేరే సంగతి.

తీర్థయాత్రలు, విన్నపాలు

వెబ్ కొత్తలో పేజీలే తక్కువ. అందులో కదలిక ఉన్నవి ఇంకా తక్కువ. ఒక లింకు నొక్కి ఇంకోటి, దాంట్లోంచి మరోటి పట్టుకుని తిరిగే వాళ్ళు ఎక్కడో ఒకచోట ఈ జగ్గు ముందు తేలేవారు. నవ్వుకుని పక్కవాళ్ళకు చెప్పేవారు. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించేనాటికి ఆ జగ్గు వెబ్‌లోకి వచ్చి రెండేళ్ళు కావస్తోంది. అప్పటి ఫోను లైన్ల మీద బొమ్మ అంటే పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగేది. అంత సేపు ఓపిక పట్టి చూస్తే కనబడేది సగం నిండిన కాఫీ జగ్గు. అయినా చూశారు. చూసిన లెక్క 20 లక్షలు దాటింది.

చూడటంతో ఊరుకోలేదు. కేంబ్రిడ్జిలో రాత్రి పడితే వరండాలో దీపాలు ఆరిపోతాయి, తెర నల్లబడుతుంది. జపానులో ఉదయం తొమ్మిదైతే అక్కడ అర్ధరాత్రి. మేం చూసే వేళకు చీకటి ఉంటోంది, దయచేసి రాత్రిపూట దీపం వెలిగించి ఉంచమంటూ జపాను నుంచి లేబొరేటరీకి ఉత్తరాలు వచ్చాయి. తాము ఎన్నడూ తాగబోని కాఫీ కోసం, తాము ఎన్నడూ ఎక్కని మెట్ల పక్కన దీపం పెట్టమని విన్నపం!

అమెరికా నుంచి వచ్చిన పర్యాటకులు కేంబ్రిడ్జి టూరిస్టు సమాచార కేంద్రంలో కాఫీ జగ్గుకు దారి అడిగితే, అక్కడివాళ్ళు లేబొరేటరీ వైపు చెయ్యి చూపించేవారు. న్యూటన్ చదివిన ఊరు అది. చూడదగ్గ రాతి కట్టడాలు వీధికొకటి ఉన్నాయి. అయినా వాళ్ళు వెతికింది కాఫీ జగ్గునే. బీబీసీ రేడియోలో దశాబ్దాలుగా సాగుతున్న ‘ద ఆర్చర్స్’ ధారావాహికలో కూడా ఈ జగ్గు ప్రస్తావన వచ్చింది. బ్రిటన్‌లో ఓ వస్తువుకు ఇంతకంటే పెద్ద సన్మానం ఉండదు.

జగ్గు వెనకాల మిగతావీ వచ్చాయి. 1994లో నెట్‌స్కేప్ కంపెనీవాళ్ళు తమ ఆఫీసులో చేపల తొట్టెకు కెమెరా పెట్టారు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో పొగమంచును చూపించే ‘ఫాగ్‌క్యామ్’ మొదలైంది. 1996లో ఒక అమెరికన్ కాలేజీ విద్యార్థిని తన గదిలోనే కెమెరా పెట్టుకుని తన రోజంతా లోకానికి చూపించింది. వస్తువుల వైపు తిరిగి మొదలైన కెమెరా అయిదేళ్ళకల్లా మనిషి వైపు తిరిగింది.

ఆఖరి బొమ్మ

2001 నాటికి లేబొరేటరీ ఊరి పశ్చిమాన కట్టిన విలియం గేట్స్ భవనంలోకి మారుతోంది. పాత వరండా ఖాళీ అవుతుంది. పైగా సరదాగా ఒక్క రోజులో రాసిన ప్రోగ్రాముల మీద పదేళ్ళు నడిచిన ఏర్పాటు అది. దాన్ని ఇంకా బాగుచేస్తూ, అతుకులేస్తూ నడపడం ఎవరి వల్లా కాని స్థితికి వచ్చింది. ఆపేద్దామని నిర్ణయించారు.

ఆ వార్త లండన్ ‘టైమ్స్’, అమెరికా ‘వాషింగ్టన్ పోస్ట్’ పత్రికల మొదటి పేజీలకెక్కింది.

2001 ఆగస్టు 22. గ్రీనిచ్ కాలమానంలో ఉదయం 9 గంటల 54 నిమిషాలు. మన గడియారాల్లో మధ్యాహ్నం 3 గంటల 24 నిమిషాలు. కెమెరా పంపిన ఆఖరి బొమ్మలో స్విచ్ నొక్కుతున్న వేళ్ళు కనబడతాయి. ఆ తర్వాత బొమ్మ లేదు.

పదేళ్ళలో మెషీన్లు నాలుగైదు మారాయి. ఆఖరున మిగిలింది క్రుప్స్ కంపెనీది. దాన్ని ఈబేలో వేలానికి పెట్టారు. సంతలో పెడితే ఎవరూ కన్నెత్తి చూడని పాత మెషీన్‌ను జర్మనీకి చెందిన వార్తా సంస్థ ‘ష్పీగెల్ ఆన్‌లైన్’ 3,350 పౌండ్లకు పాడుకుంది. క్రుప్స్ ఉద్యోగులు పైసా తీసుకోకుండా బాగుచేసి ఇచ్చారు. కొన్నాళ్ళు ఆ సంస్థ సంపాదక వర్గం ఆఫీసులో మళ్ళీ స్విచ్ వేశారు. 2015 నుంచి పాడర్‌బోర్న్ నగరంలోని హైన్జ్ నిక్స్‌డార్ఫ్ మ్యూజియంలో ఉంది. కాఫీ కెమెరా బిగించిన కొన్నేళ్ళకు క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్ కేంబ్రిడ్జిలోనే ఒలివెట్టి పరిశోధనాలయంలో, దూరాన ఉన్న కంప్యూటర్ తెరను మన తెర మీద చూపించే వీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన బృందంలో పనిచేశాడు. అడుగు కదపకుండా అవతల ఏముందో చూడాలన్న పట్టుదల ఆయన్ని వదల్లేదన్నమాట.

అడగని ప్రశ్న

ఈ కథను పాత వెబ్‌లోని వింతల్లో ఒకటిగా చెప్పుకుని నవ్వుకోవడం మామూలే. నవ్వాల్సిందే. కానీ స్టాఫర్డ్-ఫ్రేజర్, జార్డెట్స్‌కీ కెమెరా బిగించిన తీరులో గమనించవలసిన సంగతి ఒకటుంది.

వాళ్ళ దగ్గర నేరం ఉంది. రాత్రంతా కూర్చుని జగ్గు ఖాళీ చేస్తున్న నేరస్థులూ ఉన్నారు. కెమెరాను కాస్త పైకెత్తి ఉంటే తాగి పోయినవాడి మొహం దొరికేది. ఎన్ని గంటలకు ఎన్ని కప్పులు పట్టుకెళ్ళాడో లెక్క తేలేది. అప్పుడు జగ్గు పక్కన నిబంధనలు వెలిసేవి, సంజాయిషీలు మొదలయ్యేవి, పదిహేను మంది కలిసి తాగే కాఫీ కాస్తా పంచాయితీ అయ్యేది. వాళ్ళు కెమెరాను జగ్గు దగ్గరే ఆపారు. కాఫీ ఉందా, అయిపోయిందా అని అడిగారు. ఎవరు తాగారని అడగలేదు.

ఇవాళ మన కూడళ్ళలో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ల లిఫ్టుల్లో, స్కూలు వరండాల్లో ఉన్న కెమెరాల్లో చాలావాటికి తెలిసిన ప్రశ్న ఆ రెండోదే. వాటితో దొంగలు దొరుకుతున్నారు, ప్రమాదాల్లో నిజాలు తేలుతున్నాయి, కాదనలేం. అయితే కొత్త కెమెరా బిగించే ముందు దానితో ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో ఒక్క మాటలో చెప్పుకుని, ఆ మాట దగ్గరే ఆగే పద్ధతి కూడా ఒకటుంది. అది చేసి చూపించినవాళ్ళు అప్పుడు పెద్ద పెద్ద సూత్రాలేమీ ఆలోచించలేదు. వాళ్ళకు కావలసింది కాఫీ.