అమ్మమ్మ కాకముందు ఎమ్మా

1955 మే 3న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఓగ్లెథార్ప్ అనే కొండ మీది నుంచి ఒక స్త్రీ ఒంటరిగా ఉత్తరం వైపు నడక మొదలుపెట్టింది. ఆమెకి అరవయ్యేడేళ్లు. పదకొండుమంది పిల్లల్ని కన్నది. ఇరవైముగ్గురు మనవలూ మనవరాళ్లూ ఉన్నారు. కాళ్లకి మామూలు కాన్వాస్ బూట్లు. భుజానికి తనే కుట్టుకున్న జీన్స్ గుడ్డ సంచి. అందులో ఒక దుప్పటి, వాన పడితే కప్పుకోవడానికి స్నానాలగదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర, ఎండుద్రాక్ష, గింజలు, పాలపొడి. గుడారం లేదు. 146 రోజుల తర్వాత, సెప్టెంబర్ 25న, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం మీదికి చేరేసరికి ఆమె 2,050 మైళ్లు నడిచింది. ఆమె పేరు ఎమ్మా గేట్‌వుడ్. అపలాచియన్ కాలిబాట మొత్తాన్నీ ఒక్క ఏడాదిలో ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ.

దారిలో ఉండగానే పత్రికలకి ఆమె సంగతి తెలిసింది. వర్జీనియా చేరేసరికి విలేకరులు వచ్చారు. తర్వాత స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ రాసింది, టెలివిజన్ వాళ్లు పిలిచారు. అందరూ ఆమెకి ‘గ్రాండ్‌మా గేట్‌వుడ్’ అని పేరు పెట్టేశారు. ఇంగ్లీషులో రెండు వైపులకీ ఒకటే మాట కాబట్టి వాళ్లకి ఇబ్బంది లేదు. నేను మాత్రం అమ్మమ్మ అనే అంటాను, కూతుళ్ల వైపు నుంచి చూస్తే ఈ కథ ఇంకోలా కనిపిస్తుంది కనుక.

విలేకరులు అడిగిన ప్రశ్నలు మనం ఊహించగలిగినవే. ఏం తింటున్నారు? ఎక్కడ పడుకుంటున్నారు? ఒంటరిగా అడవిలో రాత్రిళ్లు భయం వేయదా? అసలెందుకు నడుస్తున్నారు? ఆమె ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా జవాబు చెప్పింది. సరదాగా ఉంటుందనుకున్నానంది. భర్త గురించి అడిగితే వితంతువునని చెప్పింది. అప్పటికి ఆ భర్త బతికే ఉన్నాడు. ఇంకో పదమూడేళ్లు బతికాడు కూడా.

ఎమ్మా కాల్డ్‌వెల్ 1887లో ఒహాయో రాష్ట్రంలో గాలియా కౌంటీలో పుట్టింది. ఆ ఇంట్లో పదిహేనుమంది పిల్లలు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. 1907లో, పంతొమ్మిదేళ్లప్పుడు, పెర్రీ క్లేటన్ గేట్‌వుడ్‌తో పెళ్లయింది. అతను బడిపంతులుగా పనిచేసి, తర్వాత పొగాకు పండించాడు. చదువుకున్నవాడు, ఊళ్లో పరువున్నవాడు. పెళ్లయిన కొద్ది నెలలకే మొదటిసారి కొట్టాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకి పైగా ఆమె వంట చేసింది, పిల్లల్ని కన్నది, పొలంలో కంచెలు వేసింది, సిమెంటు కలిపింది, దెబ్బలు తిన్నది. ఇదే మనిషి 1924లో ఒక గొడవలో ఇంకొకణ్ణి చంపాడు. నేరం రుజువయింది. కానీ ఇంటినిండా పిల్లలున్నారని, పొలం చూసుకోవాలని జైలుకి పంపలేదు. ఎమ్మా కన్న పిల్లలు, ఎమ్మా చాకిరీ చేసిన పొలం అతనికి రక్షణ అయ్యాయన్నమాట. ఎదురుతిరిగితే పిచ్చాసుపత్రిలో పెట్టిస్తానని అతను బెదిరించేవాడు. అది ఉత్త బెదిరింపు కాదు. ఆ కాలంలో భర్త తల్చుకుంటే అది జరిగే పనే.

ఒకసారి ఇద్దరు చిన్న కూతుళ్లని వదిలి కాలిఫోర్నియాలో బంధువుల దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. 1939లో అతను ఆమె పళ్లు విరగ్గొట్టాడు, పక్కటెముక చిట్లింది. ఆమె చేతికందిన పిండిబస్తా విసిరింది. పోలీసులు వచ్చి అరెస్టు చేసింది ఆమెని. ఒక రాత్రి జైల్లో ఉంచాక, ఆమె మొహం చూసిన ఆ ఊరి మేయరు తన ఇంటికి తీసుకెళ్లి ఆశ్రయమిచ్చాడు. 1941లో విడాకులు వచ్చాయి.

ఇవన్నీ 1955లో ఏ పత్రికలోనూ రాలేదు. బెన్ మాంట్‌గోమరీ అనే పాత్రికేయుడు ఆమె డైరీలు చదివి, అప్పటికి బతికున్న ఆమె పిల్లలతో మాట్లాడి 2014లో పుస్తకం రాశాకే లోకానికి విస్తారంగా తెలిసింది. ఆమె పోయింది 1973లో. ఆ మరుసటి ఏడాది, 1974లో, మిన్నెసోటా రాష్ట్రంలో సెయింట్ పాల్ నగరంలో దెబ్బలు తిన్న స్త్రీల కోసం ఒక ఆశ్రయం తెరిచారు, ఆ దేశంలో వచ్చిన తొలి ఆశ్రయాల్లో అదొకటి. మన దగ్గర 498ఎ సెక్షన్ రావడానికి 1983 దాకా పట్టింది, గృహహింస చట్టానికి 2005 దాకా. అంటే ‘వితంతువు’ అని ఆమె చెప్పిన అబద్ధానికి బదులుగా వాడగల మాట 1955లో ఆమె చేతిలో లేదు. భర్త చచ్చిపోయిన స్త్రీ ఒంటరిగా ఉంటే లోకం ఒప్పుకుంటుంది, జాలి కూడా పడుతుంది. భర్తని వదిలేసిన స్త్రీ ఒంటరిగా ఉంటే కారణం అడుగుతుంది. మన ఊళ్లలో అద్దె ఇంటి కోసం వెళ్లిన ఒంటరి స్త్రీలు ‘మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడండీ’ అని చెప్పడం మనకి తెలియంది కాదు. వితంతువు అన్న మాటకి మన దగ్గర వేరే బరువుంది, నిజమే. కానీ ఆ అబద్ధం చేసే పని రెండుచోట్లా ఒకటే.

అడవిలో ఒంటరిగా భయం వేయదా అన్న ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. దెబ్బలు తిన్న రోజుల్లో ఆమె పరిగెత్తింది అడవిలోకే. పొలం వెనకాల చెట్లలో కూర్చుంటే మనసు కుదుటపడేది. ఎముకలు విరిగింది ఇంట్లో, ఊపిరాడింది అడవిలో. అయినా ప్రశ్న ఎప్పుడూ అడవి గురించే. ఇంటి గురించి ‘అక్కడ రాత్రిళ్లు భయం వేయదా’ అని ఆమెని ఒక్కరూ అడిగినట్టు లేదు. ఆడవాళ్లు రాత్రిపూట బయట ఉండకూడదని చెప్పే లోకం, లోపల ఏం జరుగుతుందో లెక్క చెప్పదు.

ఆమె నిద్ర సంగతి విలేకరులకి వింతగా తోచింది గానీ, అందులో వింత కన్నా ఒడుపు ఎక్కువ. బాట వెంట మూడువైపులా గోడలతో, ముందు తెరిచి ఉన్న చిన్న చావిళ్లు కట్టి ఉంటాయి. అవి దొరికినచోట వాటిలో పడుకుంది. దొరకనిచోట రాలిన ఆకులు పోగుచేసి పరుచుకుంది. పిక్నిక్ బల్లల మీద, ఎవరివో ఇళ్ల వసారాల్లో వేలాడే ఉయ్యాలబల్లల మీద పడుకుంది. చలెక్కువైతే రాళ్లు కాల్చి, వాటి వెచ్చదనం మీద నడుం వాల్చింది. ఇప్పుడు అదే బాటలో చాలామంది హామక్‌లు కట్టుకుని పడుకుంటున్నారు. రెండు చెట్లు, మధ్యలో పల్చటి గుడ్డ ఉయ్యాల, పైన వాన ఆగే పట్టా. తడినేల, రాళ్లు, చీమల బాధ లేదు. వాళ్లలో ఒంటరిగా వెళ్లే అమ్మాయిలూ ఉన్నారు. బరువు తగ్గించుకుని నడిచే ఈ పద్ధతికి ఎమ్మాని ఆద్యురాలిగా చెప్పుకుంటారు. హామక్ అనే మాట కరీబియన్ దీవుల్లోని టైనో ప్రజలది. పత్తి వడికి ఆ ఉయ్యాలలు నేసింది వాళ్ల ఆడవాళ్లు. 1492లో కొలంబస్ చూసి యూరప్‌కి చేరవేశాక అది ఓడల్లో నావికుల పడక అయింది, ఆ తర్వాత సైనికుల పడక, ఇప్పుడు సాహసికుల పడక. నేసిన చేతులు ఆ చరిత్రలో ఎక్కడా కనిపించవు.

తిండి విషయం కూడా అంతే. సంచిలో ఉన్నది చాలనప్పుడు ఆమె దారిపక్క ఏరుకుంది. వేసవి ముదిరేకొద్దీ ఆ కొండల్లో నల్లటి, నీలి రంగు అడవిపళ్లు పండుతాయి. తినే ఆకేదో, తినకూడనిదేదో ఆమెకి తెలుసు. పుస్తకంలో చదివి నేర్చింది కాదు. అపలాచియన్ కొండల్లో చలికాలం గడిచి, నిలవ తిండి అయిపోయి, కొత్త పంట ఇంకా రాని నెలల్లో ఇల్లు నడిపింది ఆడవాళ్లు ఏరుకొచ్చిన ఆకులే. ముందు ర్యాంప్ అనే అడవి ఉల్లి వస్తుంది, నోరంతా ఘాటు. తర్వాత పోక్ అనే ఆకు. అది విషం. లేతగా ఉన్నప్పుడే కోసి, ఉడికించి, నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, మళ్లీ పారబోసి తినాలి. ఒక్క ఉడుకు తగ్గితే ప్రాణం మీదికొస్తుంది. మన మన్యంలో చేదు దుంపల్ని ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉంచి, విషం విరిగాక తినే పద్ధతి లాంటిదే ఇది. ఎన్ని ఉడుకులో మొదట ఎవరు కనిపెట్టి ఉంటారు? ఎందరికి కడుపునొప్పి వచ్చి ఉంటుంది, ఎందరు పోయి ఉంటారు? అదంతా తల్లి నుంచి కూతురికి మాటలుగా, చేతలుగా అందిన శాస్త్రం. తెలంగాణ చేలల్లో కలుపు తీస్తూ గునుగాకు, తుమ్మికూర కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చే కూలిస్త్రీల తెలివి కూడా ఈ కోవలోదే. వ్యవసాయ నిపుణుడికి అది కలుపు, ఆమెకి సాయంత్రం కూర. నైపుణ్యం అన్న మాట మాత్రం ఎప్పుడూ మొదటివాడికే దక్కుతుంది. మగవాడు అడవిలో వారం బతికితే సాహసమనీ, ఆడవాళ్లు అడవి మీద తరతరాలు ఇల్లు నడిపితే పేదరికమనీ రాసే చరిత్ర మనది.

అయితే ఆ శాస్త్రం మొత్తం ఎమ్మా లాంటి తెల్లరైతు స్త్రీలదే అనుకుంటే ఇంకో తప్పుడు చరిత్ర రాసినట్టవుతుంది. ఆమె నడక మొదలుపెట్టిన జార్జియా కొండలు చెరొకీ ప్రజలవి. తల్లి వైపు నుంచి వంశం లెక్కపెట్టుకునే సమాజం వాళ్లది, సేద్యమూ సేకరణా అక్కడి స్త్రీల చేతుల్లో ఉండేవి. 1838లో సైన్యం వాళ్లని ఇళ్లలోంచి బయటికి ఈడ్చి పడమటికి నడిపించింది. దారిలో వేలమంది చచ్చిపోయారు. కొద్దిమంది మాత్రం కొండల్లో మిగిలారు. అక్కడి తెల్లవాళ్లు అడవి ఆకుల్లో చాలావాటి సంగతి చెరొకీల నుంచే నేర్చుకున్నారు. అదే కొండల్లో ఒక నడక బలవంతపుది, ఇంకొకటి స్వేచ్ఛది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకపోతే ఎమ్మా స్వేచ్ఛ ఏ నేల మీద నిలబడిందో మనకి అర్థం కాదు.

ఇంకొకటి. 1955 ఆగస్టు 28న మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చంపారు. అప్పటికి ఎమ్మా ఇంకా నడుస్తూనే ఉంది. డిసెంబర్ 1న మాంట్‌గోమరీ నగరంలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనన్నందుకు అరెస్టయింది. ఆ బాట మీదే ఉన్న షెనండోవా నేషనల్ పార్కులో 1939లో నల్లవాళ్లకి విడిగా లూయిస్ మౌంటెన్ అనే చోటు కేటాయించారు. ఆ వేర్పాటు ఎమ్మా అటుగా నడవడానికి కొద్ది ఏళ్ల ముందే పోయింది. మాసిన బట్టలతో, భుజాన సంచితో, చీకటిపడే వేళ తలుపు తట్టిన తెల్ల ముసలామెని కొందరు పొమ్మన్నారు, చాలామంది లోపలికి పిలిచి అన్నం పెట్టారు. ఆమె వయసే ఉన్న నల్ల స్త్రీ ఆ ఏడాది జార్జియాలో అపరిచితుల వసారాలో ఉయ్యాలబల్ల మీద పడుకోగలిగేదా? ఎమ్మా తెగువని నేను తక్కువ చేయడం లేదు. ‘అమ్మమ్మ’ అన్న పిలుపు ఎవరికి తలుపు తెరుస్తుందో చూడమంటున్నాను.

అన్నట్టు, ఈ బాట పుట్టుకలోనూ ఒక స్త్రీ ఉంది. దీన్ని ప్రతిపాదించినవాడు బెంటన్ మెకై, ఆ వ్యాసం అచ్చయింది 1921 అక్టోబర్‌లో. అదే ఏడాది ఏప్రిల్‌లో అతని భార్య, ఓటుహక్కు కోసం, శాంతి కోసం పనిచేసిన జెస్సీ హార్డీ స్టబ్స్, ఆత్మహత్య చేసుకుంది. ఆ దుఃఖంలో స్నేహితుడి ఇంట్లో తలదాచుకుంటూ అతను ఆ ప్రణాళిక తయారుచేశాడు. బాట చరిత్రలో ఆమెకి సాధారణంగా దక్కేది ఒక వాక్యం. నేనూ ఇక్కడ అంతకన్నా ఎక్కువ ఇవ్వలేకపోతున్నాను.

ఎమ్మాని దెబ్బలు తిన్న భార్యగా మాత్రమే చదవడం కూడా నాకు నచ్చదు. విడాకులకీ నడకకీ మధ్య పద్నాలుగేళ్లున్నాయి. ఆమె పారిపోలేదు. మిగిలిన పిల్లల్ని పెంచింది, పనులు చేసుకుంది, పద్యాలు రాసుకుంది. ఒక పాత నేషనల్ జియోగ్రఫిక్ పత్రికలో ఈ బాట గురించి చదివింది. 1954లో మొదటిసారి ఉత్తరం కొస నుంచి బయల్దేరితే దారి తప్పింది, కళ్లద్దాలు పగిలాయి, అటవీ సిబ్బంది ఇంటికి పొమ్మన్నారు. వెళ్లింది. మరుసటి ఏడాది రెండో కొస నుంచి వచ్చింది. పిల్లలకి మాత్రం ఎక్కడికో చెప్పలేదు, నడకకి వెళ్తున్నానంది. ఎన్నో వందల మైళ్లు నడిచాక పోస్టుకార్డులు రాసింది. ఒక తల్లి ఎక్కడుందో పదకొండుమంది పిల్లలకి తెలియని ఆ వారాలు నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. అర్ధశతాబ్దం పాటు ఎప్పుడు ఎక్కడుందో అందరికీ జవాబు చెప్పుకున్న మనిషి ఆమె.

1957లో ఆ బాటని మళ్లీ మొత్తం నడిచింది. 1959లో మిస్సోరీలోని ఇండిపెండెన్స్ నుంచి ఓరిగన్‌లోని పోర్ట్‌లాండ్ దాకా వలసబళ్ల పాత దారి వెంట నడిచింది. అపలాచియన్ బాటని ముక్కలు ముక్కలుగా మూడోసారి 1964లో పూర్తిచేసింది, మూడుసార్లు నడిచిన మొదటి మనిషి ఆమే. 1968లో పెర్రీ గేట్‌వుడ్ చనిపోయాడు, ఆమె అప్పటికి పదమూడేళ్లుగా చెబుతూ వచ్చిన మాట అప్పుడు నిజమైంది. చివరి ఏళ్లలో సొంత గాలియా కౌంటీలో పొదలు నరికి, గుర్తులు వేసి, కొత్త కాలిబాటలు తీర్చడంలో పడింది. ఒహాయోలో హాకింగ్ హిల్స్ దగ్గర ఆమెకి ఇష్టమైన ఆరు మైళ్ల దారి ఒకటుంది. ఏటా జనవరి మంచులో వేలమంది అక్కడ నడుస్తారు. దారి మొదట్లో పలక మీద ‘గ్రాండ్‌మా గేట్‌వుడ్’ అనే ఉంటుంది, ఇంటిపేరు భర్తది.