నలభై తొమ్మిదిలో మళ్లీ తొలి అడుగు

మా అనంతపురం కరువు సీమకు 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ వచ్చేనాటికి ఆయనకు 49 ఏళ్లు. స్పెయిన్‌లో పుట్టి, 1952లో మనదేశం వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో గోధుమలు, నూనె ఇచ్చి రైతులచేత బావులు తవ్వించిన మనిషి. 1968లో దేశం విడిచి వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. తిరిగి రావడానికి అనుమతి దొరికినా, మన్మాడ్‌లో పడ్డ శ్రమంతా వెనుకే ఉండిపోయింది.

ఇక్కడ మళ్లీ మొదటినుంచి ప్రారంభించి, సహచరులతో కలసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. పల్లెల్లో బడులు, పేదలకు పక్కా ఇళ్లు వెలిశాయి. 2000లో బత్తలపల్లి ఆసుపత్రి వచ్చేసరికి ఆయన ఎనభైకి చేరారు. 2009 జూన్ 19న కన్నుమూశారు.

మనలో చాలామందిమి 58కే పదవీ విరమణ చేసినవాళ్లం. సర్వీసు రిజిస్టరులోని పుట్టినతేదీ ఉద్యోగానికే గడువు పెడుతుంది, పనికి కాదని నేను ఈ జీవితం చూసి గ్రహించాను. మనకు తెలిసిన లెక్కలు, చదువు, చేతిపని ఊరికి ఇంకా అవసరమే మిత్రులారా!