అట్టముక్కపై వీరుడు

వీరులను స్మరించుటకు ప్రతి జాతికిని తనదైన విధానము కలదు. రాజులు శాసనములు వేయించిరి. గ్రామములవారు వీరగల్లులు నిలిపిరి. పలనాటి వీరులను తెలుగువారు కథాగానముతో బ్రతికించుకొనిరి. 20వ శతాబ్దమున కెనడా దేశపు బాలబాలికలు మాత్రము తమ వీరులను అరచేత ఇమిడెడు చిన్న అట్టముక్కలపై నిలుపుకొనిరి. అవియే హాకీ బొమ్మకార్డులు. వ్యాపారుల లాభాపేక్షతో పుట్టిన ఈ వస్తువు ఒక ప్రజాసమూహపు అభిమానమునకు ఆధారమైన తీరు చరిత్ర విద్యార్థులు గమనింపదగినది.

హాకీ యనగానే మనకు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ కర్రయు స్ఫురించును. కెనడావారి హాకీ వేరు. అది గడ్డకట్టిన మంచుపై, పాదములకు ఉక్కు పలకలు తొడిగికొని, బంతికి మారుగా నల్లని రబ్బరు బిళ్లతో ఆడెడు ఆట. దీర్ఘమైన శీతకాలము గల ఆ దేశమున చెరువులు, నదులు, పెరటి నీటిగుంటలు సైతము ఆటస్థలములే. కావున అచటి బాలురకు హాకీ ఆటగాడు ఇంటిమనిషి వంటివాడు.

ఆ రోజులలో సిగరెట్టు పెట్టె నలగకుండుటకై లోపల అట్టముక్కను ఉంచుట వాడుక. ఆ అట్టపై బొమ్మ ముద్రించినచో కొనువాడు మరల అదే సరకు కోరునని వర్తకులు గ్రహించిరి. ఇంపీరియల్ టొబాకో సంస్థ 1910-11లో 36 హాకీ కార్డులు గల వరుసను వెలువరించెను. మరుసటి వరుసలో గోలురక్షకుడు జోర్జ్ వెజినా బొమ్మ వచ్చెను. ఆయన 1926లో క్షయవ్యాధిచే మరణించెను. ఆయన పేరిట ఏర్పడిన బహుమానమును నేటికిని ఉత్తమ గోలురక్షకునకు ఇచ్చుచున్నారు. పెద్దలు పొగ త్రాగిరి. పిల్లలు బొమ్మలు దాచుకొనిరి.

కొలదికాలమునకే మిఠాయి, చూయింగు గమ్ము వ్యాపారులు ఈ మార్గమున ప్రవేశించిరి. అంటారియో రాష్ట్రములోని లండన్ నగరమున నెలకొన్న ఓ-పీ-చీ సంస్థ 1933-34లో తన తొలి హాకీ కార్డులను వెలువరించెను. దాదాపు అదే కాలమున, 1934లో, సెయింట్ లారెన్స్ స్టార్చి సంస్థ మరియొక పద్ధతి అవలంబించెను. ఆ సంస్థవారి బీహైవ్ మొక్కజొన్న పాకము డబ్బాల చీటీలను టపాలో పంపినవారికి, వారు కోరిన ఆటగాని ఛాయాచిత్రము ఇంటికి వచ్చెడిది. 1967 వరకు ఈ ఏర్పాటు సాగెను. ఇష్టుడైన ఆటగాని కొరకు ఎన్ని కుటుంబములు ఆ తియ్యని పాకమును అవసరమునకు మించి ఆరగించెనో ఊహింపవచ్చును.

ఇట్టి అభిమానమునకు పరమోదాహరణము మొరీస్ రిషార్. ఆయన 1921 ఆగస్టు 4న మాంట్రియల్ నగరమున, ఫ్రెంచి మాటలాడు కార్మిక కుటుంబమున జన్మించెను. 1942లో మాంట్రియల్ కెనేడియన్స్ జట్టులో చేరెను. తొలి ఏటనే కాలి ఎముక విరిగినను వెనుదీయలేదు. 1944-45లో 50 ఆటలలో 50 గోలులు సాధించెను. అంతకుముందు ఎవ్వరును చేయని పని అది. ఆయన వేగమును చూచినవారు 'రాకెట్' అను బిరుదమిచ్చిరి. క్విబెక్ రాష్ట్రమున అధిక సంఖ్యాకులు ఫ్రెంచివారైనను, పెద్ద వర్తకము, ఉన్నతోద్యోగములు ఎక్కువగా ఇంగ్లీషువారి చేతిలో ఉండెను. అట్టి కాలమున తమలోని ఒకడు అందరిని మించుట ఆ సామాన్యులకు కేవలము ఆట కాదు, ఆత్మగౌరవము.

అయినను విచిత్ర మేమనగా, రిషార్ ఆ మహాకార్యము సాధించిన నాడు గమ్ముతో వచ్చెడు కార్డులు లేవు. యుద్ధకాలమున 1940-41 పిమ్మట ఒక దశాబ్దము వాని ప్రచురణ నిలిచిపోయెను. పిల్లలకు పాకము డబ్బాల చిత్రములే దిక్కయ్యెను. పార్క్‌హర్స్ట్ సంస్థ 1951-52లో 105 కార్డుల వరుసను తెచ్చినప్పుడు గాని ఆ కొరత తీరలేదు. అందు 4వ సంఖ్య రిషార్‌ది. 66వ సంఖ్య డిట్రాయిట్ వీరుడు గోర్డీ హౌది. అవి చిన్న కార్డులు. ముద్రణ సామాన్యము. వెనుకవైపు ఒక్క అక్షరమైనను లేదు. కాని బాలురకు కావలసినది ముందువైపున ఉన్న ముఖమే గదా.

1955 మార్చిలో ఒక ఆటలో ఆవేశపడి అధికారిపై చేయి చేసికొన్నందుకు లీగు అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ రిషార్‌ను ఆ ఋతువులో మిగిలిన ఆటలన్నిటి నుండి బహిష్కరించెను. మార్చి 17న మాంట్రియల్ వీథులలో అల్లరులు చెలరేగెను. దుకాణముల అద్దములు పగిలెను. మరునాడు రిషార్ స్వయముగా రేడియోలో మాటలాడి జనులను శాంతింపజేసెను. క్విబెక్ జాతీయ చైతన్యమునకు ఆ రాత్రి ఒక సూచనయని భావించిన చరిత్రకారులు కలరు. ఒక ఆటగాని చిత్రమును జేబులో పెట్టుకొని తిరుగుటకు గల అర్థము ఇట్టి ఘటనలచేతనే తెలియును.

పిల్లలు ఈ కార్డులను భద్రపరచుటకంటె ఆడుకొనుటయే ఎక్కువ. గోడకు విసరి పందెములు వేసిరి. రెండేసి ఉన్నవానిని మార్చుకొనిరి. సైకిలు చక్రపు ఊచలకు తగిలించి టపటప చప్పుడు చేయించిరి. మన పల్లెలలో అగ్గిపెట్టె బొమ్మలు, సిగరెట్టు పెట్టెల అట్టలు పోగుచేసి ఆడినవారికి ఆ ఆనందము క్రొత్తది కాదు. పిల్లలు పెరిగి పెద్దవారైన పిదప ఇల్లు సర్దిన తల్లులు అట్టపెట్టెలతో సహా ఎన్నింటినో పారవేసిరి. నలగని పాత కార్డు దుర్లభమగుటకు కారణ మిదియే.

దుర్లభమైనదానికి వెల పెరుగుట లోకసహజము. 1979లో ఓ-పీ-చీ వెలువరించిన 18వ సంఖ్య కార్డు యువకుడు వేన్ గ్రెట్జ్‌కీది. ఆ వరుసలోనే అతని ఆరాధ్యవీరుడు గోర్డీ హౌ కార్డు కూడ కలదు. గ్రెట్జ్‌కీ కార్డు నీలి అంచు తేలికగా రాలిపోవును. చెక్కుచెదరని ప్రతి యొకటి 2020లో 12.9 లక్షల డాలర్లకును, 2021లో మరియొక విక్రయమున 37.5 లక్షల డాలర్లకును అమ్ముడుపోయెను. ఇంతకు పూర్వమే, 1990 ప్రాంతమున, కార్డులు ధనరాసులగునని నమ్మినవారికై పలు సంస్థలు అపరిమితముగా ముద్రించెను. జనులు విప్పకయే పెట్టెలలో దాచిరి. అందరును దాచినందున ఏదియు అరుదు కాలేదు. వానిలో అధికభాగమునకు వెల రాలేదు. ప్రేమతో చేతులు మారి అరిగిన కార్డులు అపురూపములయ్యెను. లాభమునకై అంటకుండ దాచినవి చవుకయ్యెను.

రిషార్ 544 గోలులతో 1960లో విరమించి, 2000 మే 27న దివంగతుడయ్యెను. ఆయన భౌతికకాయమును దర్శించుటకు లక్షకు పైగా జనులు వచ్చిరి. ఆ సంవత్సరమే కెనడా తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వెలువరించి యుండెను. మన ధ్యాన్‌చంద్ 1979 డిసెంబరు 3న కన్నుమూయగా, సరిగా ఏడాదికి, 1980 డిసెంబరు 3న భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసెను. ప్రభుత్వము ఇచ్చెడు గౌరవము ఆలస్యముగా వచ్చును. అప్పటివరకు వీరుని కాపాడునది సామాన్యుని అభిమానమే. మాంట్రియల్ బాలుడు చిరుగుజేబులో పదిలపరచుకొన్న అట్టముక్క ఆ పనియే చేసెను. ఇండ్లలో పిల్లలు పోగుచేసెడు చిన్న వస్తువులను చెత్తయని త్రోసివేయుటకు ముందు, అందు ఎవరి ముఖమున్నదో ఒక్కసారి చూచుట పెద్దలకు తగును.