అట్ట మీది తేదీ

1969లో అమెరికాలో వృక్షశాస్త్ర, ఉద్యాన గ్రంథాలయాల లైబ్రేరియన్లు విడిగా ఒక కౌన్సిల్ పెట్టుకున్నారు. ఏడాదికోసారి సమావేశం కావడం వాళ్ల ఆనవాయితీ. 1990ల్లో యూరప్‌వాళ్లూ అలాంటి బృందమే కట్టారు. పూలతోటల షికారుకు ఇదొక సాకని ఎవరైనా అంటే కొట్టిపారెయ్యలేం. కార్యక్రమంలో తోట చూడటమూ ఉంటుంది మరి. పైగా లైబ్రేరియన్లకు అమెరికాలో 1876 నుంచే పెద్ద సంఘం ఉంది. అది చాలక మొక్కల కోసం వేరే కుంపటి ఎందుకు? వృక్షశాస్త్రంలో పాత పుస్తకానికి కాలం చెల్లదు, అందుకని.

మొక్కకు ఎవరు ముందు పేరు పెట్టి అచ్చువేస్తే ఆ పేరే చెల్లుతుంది. 1867లో పారిస్‌లో చేసిన నియమావళికి ఈ ప్రాధాన్య సూత్రమే ఆయువుపట్టు. తర్వాత వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ గ్రంథం వెలువడిన 1753ను లెక్కకు మొదలుగా ఖాయం చేశారు. మన మోదుగనే చూడండి. సామర్లకోటలో తోట నడిపిన విలియం రాక్స్‌బరో తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో దాన్ని బ్యూటియా ఫ్రాండోసా అన్నాడు. అయితే ఫ్రాన్స్‌లో లామార్క్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అప్పటికే ఆ చెట్టును మోనోస్పెర్మా అనేశాడు. దాంతో పేరులోని రెండో పదం ఫ్రాండోసా పక్కకు తప్పుకుంది, 1894లో బ్యూటియా మోనోస్పెర్మా కుదిరింది. లామార్క్ ఆ పేరు అచ్చువేసిన సంపుటం మీద ఉన్న ఏడాది 1783. మోదుగ ఉన్నది 391వ పేజీలో. 345 నుంచి చివరిదాకా ఉన్న పేజీలు బయటికొచ్చింది 1785లో. రాక్స్‌బరో మొదటి సంపుటం మీద 1795 అని ఉంటుంది కానీ దాని భాగాలు 1798 దాకా వస్తూనే ఉన్నాయి. పుస్తకం మీది ఏడాదికీ అసలు బయటికొచ్చిన ఏడాదికీ ఉన్న ఈ తేడా మోదుగ విషయంలో తీర్పును మార్చలేదు. రెండు పేర్లు నెలల తేడాతో అచ్చయినచోట మాత్రం తీర్పు దాని మీదే నిలబడుతుంది.

ఇదంతా వృక్షశాస్త్రజ్ఞుల పని కదా, లైబ్రేరియన్‌కేం సంబంధం? నిజమే, తేదీలు తేల్చిన ప్రామాణిక గ్రంథాన్ని స్టాఫ్లూ, కొవాన్ అనే వృక్షశాస్త్రజ్ఞులే 1976–88 మధ్య ఏడు సంపుటాల్లో కూర్చారు. కానీ వాళ్లకు కావలసిన సాక్ష్యం ఉండేది గ్రంథాలయాల్లోనే. భాగాలుగా వచ్చిన పుస్తకానికి ఒక్కో భాగం మీదా పల్చటి కాగితపు అట్ట ఉండేది. చాలాసార్లు అసలు తేదీ దాని మీదే ఉండేది. అన్ని భాగాలూ చేరాక బైండర్ ఆ అట్టలు చింపి, తోలు అట్ట వేసేవాడు. ఎక్కడో ఒక ప్రతికి అట్టలు మిగిలాయా, ఏ గ్రంథాలయం రిజిస్టర్‌లో ఆ భాగం ఏ రోజున చేరింది, ఏ ముద్ర పడింది అన్నది పుస్తకాలు చూసుకునేవాళ్లకే తెలుస్తుంది. ఒక్క గ్రంథాలయంలో సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం వేరే ఊళ్లో ఉంటుంది.

దీనికంటే గట్టి అభ్యంతరం మరొకటుంది: జంతుశాస్త్రానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది కదా, మరి మొక్కలకే విడి సంఘం ఎందుకు? వర్తిస్తుంది. కాకపోతే మొక్కలకు శాస్త్రంతోపాటు అంగడి కూడా ఉంది. గులాబీకో డాలియాకో కొత్త రకం పేరు తరచు మొదట అచ్చయ్యేది నర్సరీవాళ్ల ధరల కేటలాగులో. ఏడాది తిరిగితే చిత్తుకాగితాల్లో కలిసే సరుకది. దాన్ని దాచాలని పెద్ద విశ్వవిద్యాలయాలకు సాధారణంగా తోచదు. తోట గ్రంథాలయాలు దాచాయి. వాటిలో చాలాచోట్ల ఉండేది ఒక్క లైబ్రేరియనే. పక్క బల్ల దగ్గర సలహా అడగడానికి మనిషి లేనివాళ్లకు ఏటా ఒకసారి కలవడం విలాసమేమీ కాదు.

2006లో మొదలైన జీవవైవిధ్య వారసత్వ గ్రంథాలయం పాత సంపుటాలను ఇంటర్నెట్‌లో పెడుతోంది కాబట్టి ఇక ఈ సమావేశాలు దండగ అనేవాళ్లూ ఉంటారు. కానీ స్కాన్ అయ్యేది ఎక్కువగా బైండు చేసిన ప్రతి. చింపేసిన అట్ట తెర మీదికి రాదు. పైగా 2012 జనవరి 1 నుంచి కాగితం లేకుండా పీడీఎఫ్‌లో వెలువడిన కొత్త పేర్లూ చెల్లుతున్నాయి. ఇప్పుడు భద్రపరచాల్సింది ఏ ఫైలు ఏ రోజున బయటికొచ్చిందన్న ఆధారాన్ని.